చెరువు గురించి రాయడానికి డేటాబేస్ ఎందుకు?

2020 అక్టోబరు 29న శామీర్‌పేటకు దగ్గర్లోని మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత దాని చుట్టూ ఎన్నో వివాదాలు నడిచాయి. 2024 డిసెంబరులో నిర్వహణ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ చేతికి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరేదైనా భూముల పోర్టల్‌కు డేటాబేస్ ఉండి తీరాలి. సర్వే నంబరు కొట్టగానే రికార్డు వెతకాలి, రిజిస్ట్రేషన్‌కు స్లాట్ ఇవ్వాలి, రుసుము జమ చేసుకోవాలి, ఒకే భూమిని ఒకే క్షణంలో ఇద్దరి పేర రాయకుండా చూడాలి. అలాంటి సైటులో పేజీ ముందే తయారుగా ఉండదు, అడిగినప్పుడే తయారవుతుంది. ఇప్పుడు రాజీవ్ రహదారి పక్కనున్న శామీర్‌పేట చెరువు సంగతి తీసుకుందాం. చెరువు చరిత్ర, ఏయే ఏడు అలుగు పారిందో ఆ లెక్క, అక్కడ వాలే పక్షుల జాబితా, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దుల మ్యాపు ఒకచోట పెట్టాలి. పొద్దున చూసినవాళ్లకూ రాత్రి చూసినవాళ్లకూ, తూంకుంటలో ఉన్నవాళ్లకూ టెక్సాస్‌లో ఉన్నవాళ్లకూ కనిపించాల్సింది ఒకే పేజీ. అప్పటికప్పుడు లెక్కగట్టాల్సింది అందులో ఏమీ లేదు. అయినా కాలనీ సంఘాలు, కాలేజీ క్లబ్బులు, చిన్న స్వచ్ఛంద సంస్థలు ఈ పనికి కూడా భూముల పోర్టల్‌కు కావలసిన తరహా యంత్రాంగాన్నే కొనుక్కుంటాయి. తర్వాత ఏటేటా అద్దె కట్టలేకో, బాగుచేసే మనిషి దొరక్కో వదిలేస్తాయి. ఇలాంటి సమాచారాన్ని మామూలు ఫైళ్లుగా రాసి, గిట్‌హబ్ లాంటి ఉచిత కోడ్ నిల్వ కేంద్రం నుంచి ప్రచురించడం మేలైన దారి. ఖర్చు లేకపోవడం అందుకు చిన్న కారణం. అలా ఉంచిన సైటును దాని చరిత్ర మొత్తంతో సహా ఎవరైనా నకలు తీసుకోగలగడం పెద్ద కారణం.

వెబ్ పుట్టింది ఫైళ్లుగానే. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలి పేజీలు కొన్ని కిలోబైట్ల హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు. బ్రౌజర్ ఒక ఫైలు పేరు అడిగేది, సర్వర్ దాన్ని డిస్కు మీద నుంచి తీసి ఉన్నదున్నట్టు పంపేది. 2013లో సెర్న్ ఆ తొలి సైటు పాత నకలును వెతికి మళ్లీ పాత చిరునామాలోనే పెట్టింది. ఆ పేజీలు రాసిన నాటికి పుట్టనే లేని స్మార్ట్‌ఫోన్లలో కూడా అది ఇవాళ చక్కగా తెరుచుకుంటుంది. డేటాబేస్ మీద నడిచే సైటుకు ఈ భాగ్యం లేదు. అక్కడ ఒక పేజీ కనిపించాలంటే సర్వర్ మీద పీహెచ్‌పీ లాంటి భాషలో రాసిన ప్రోగ్రామ్ నడవాలి, అది మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌ను అడగాలి, వచ్చిన జవాబును చట్రంలో కూర్చి పంపాలి. ఈ గొలుసులో ప్రతి కొక్కేనికీ ఒక గడువు ఉంటుంది. పీహెచ్‌పీ 5.6కు భద్రతా సవరణలు 2018 డిసెంబరు 31తో ఆగిపోయాయి. దాని కోసం రాసిన సైట్లను ఎవరో కూర్చుని కొత్త వెర్షన్‌కు మార్చాలి. మార్చకపోతే కొన్నాళ్లకు పగుళ్లు తేలతాయి, వాటిలోంచి దొంగలు దూరతారు. చెరువు అలుగు పారిన ఏళ్ల పట్టికలో ఒక్క అంకె కూడా మారకపోయినా, ఆ పట్టికను చూపించే యంత్రం మాత్రం పాడైపోతుంది. మామూలు ఫైలులో నడిచే ప్రోగ్రామ్ ఉండదు కనుక ఈ రకంగా పాడయ్యేదీ, ఇలా దూరడానికి వీలయ్యేదీ ఉండదు.

గిట్‌హబ్ 2008లో మొదలైంది, అదే ఏడాది చివర్లో గిట్‌హబ్ పేజెస్ అనే సదుపాయం వచ్చింది. దాని పని తీరు తేలిక. ఖాతా తెరిచి ఒక బహిరంగ రిపాజిటరీ, అంటే ఫైళ్ల నిల్వ, సృష్టించాలి. అందులో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఫైలు పెట్టాలి. సెట్టింగ్స్‌లో పేజెస్ విభాగంలోకి వెళ్లి ఏ బ్రాంచ్ నుంచి ప్రచురించాలో చెప్పాలి. కొద్ది నిమిషాల్లో, ఒక్కోసారి పది నిమిషాల వరకు పట్టినా, ఖాతా పేరు ముందుండి గిట్‌హబ్ డాట్ ఐఓతో ముగిసే చిరునామాలో సైటు కనిపిస్తుంది. తర్వాత ఏ ఫైలు మార్చి ఆ మార్పును నమోదు (కమిట్) చేసినా సైటు దానంతటదే కొత్తదవుతుంది. తొలిసారి చేసేవాళ్లు చిక్కుకునే చోట్లు కొన్నే. విండోస్‌లో పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడా పట్టదు, సర్వర్‌కు పడుతుంది. ఇండెక్స్ అనే మాట మొదటి అక్షరాన్ని పెద్ద బడిలో రాస్తే మన కంప్యూటర్‌లో తెరుచుకున్న పేజీ అక్కడ దొరకదు. సైటు చిరునామా చివర రిపాజిటరీ పేరు కూడా ఉంటుంది కనుక, బొమ్మలకూ స్టైల్ ఫైలుకూ దారిని ఏటవాలు గీతతో మొదలుపెట్టి రాస్తే అవి కనిపించకుండా పోతాయి. పేజీకి పెట్టే ఫైలు పేరును తెలుగు లిపిలో రాస్తే మరో ఇబ్బంది. మేడ్చల్ అనే మాటలో మ, ఏత్వం, డ, పొల్లు, చ, ల, పొల్లు కలిపి ఏడు యూనికోడ్ సంకేతాలు. చిరునామాలో ఒక్కో సంకేతం తొమ్మిది గుర్తులుగా మారుతుంది. వాట్సాప్‌లో పంపిన లింకులో ఊరి పేరు ఒక్కటే 63 గుర్తుల అర్థంకాని వరస అవుతుంది. ఫైలు పేరు రోమన్ లిపిలో పెట్టి, లోపలి శీర్షిక తెలుగులో రాసుకోవడం మంచిది.

తెలుగు రాత బరువు గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఉచిత స్థలం మనకు చాలుతుందా అన్న అనుమానం అక్కడే తేలిపోతుంది. యూటీఎఫ్-8లో ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మేడ్చల్ అంటే 21 బైట్లు. ఇది అన్యాయంలా కనిపిస్తుంది గానీ, తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండు విలువల్లో ఏదో ఒకటి. ఇలా పదేపదే వచ్చేవాటిని సర్వర్ పంపే ముందు కుదించేస్తుంది కనుక దారిలో ఆ బరువు చాలావరకు తగ్గిపోతుంది. కుదించకుండానే లెక్క వేసినా, రెండు వేల మాటల వ్యాసం సుమారు 45 కిలోబైట్లు. ఒక సైటుకు గిట్‌హబ్ పేజెస్ ఇచ్చే స్థలం ఒక గిగాబైటు. అందులో అలాంటి వ్యాసాలు ఇరవై వేలకు పైగా పడతాయి. నెలకు వంద గిగాబైట్ల వరకు పాఠకులకు చేరవేయడానికి అభ్యంతరం ఉండదు. అంటే ఆ వ్యాసాన్ని నెలకు ఇరవై లక్షల సార్లకు పైగా తెరవవచ్చు. స్థలాన్ని తినేది రాత కాదు, ఫొటో. ఫోనుతో తీసిన మూడు నాలుగు మెగాబైట్ల ఒక్క ఫొటో డెబ్భై, ఎనభై వ్యాసాల బరువు తూగుతుంది. అందుకే తీర్మానాలనూ నోటీసులనూ ఫొటో తీసి పెట్టే అలవాటు రెండు విధాల నష్టం. బరువు పెరుగుతుంది, వెతికితే దొరకదు. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన పాత పాఠాల పరిస్థితీ అంతే. వాటిలో తెలుగు అక్షరం వెనుక ఉండేది ఫాంటుకు మాత్రమే తెలిసిన ఒక గుర్తు. వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వాటిని ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి, మార్చాక ఒకసారి కళ్లతో చదివి ఒత్తులు సరిచూసుకోవాలి. సైటు పెట్టడంలో అసలు శ్రమ ఇక్కడే ఉంది. అక్షరాలు అందరికీ ఒకేలా కనిపించడానికి మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. ఫాంటు ఫైలును కూడా సైటుతో పాటే పెట్టేయవచ్చు.

గిట్‌హబ్ అడుగున ఉన్న గిట్ అనే సాధనాన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాశారు. లినక్స్ కెర్నెల్ మీద పనిచేసే వేలమందికి ఒకే కోడ్ చరిత్ర అందరి దగ్గరా ఉండాలన్నది ఆయన అవసరం. గిట్‌లో ప్రతి ఫైలు విషయాన్నీ ఒక గణిత సూత్రంలో వేస్తే 40 గుర్తుల పొడవున్న వేలిముద్ర వస్తుంది. ఒక కామా మారినా వేలిముద్ర మారుతుంది. మార్పు నమోదు చేసిన ప్రతిసారీ, అంటే ప్రతి కమిట్‌లో, ఆనాటి ఫైళ్లన్నిటి ముద్రతో పాటు దానికి ముందున్న కమిట్ ముద్ర కూడా ఉంటుంది. కాబట్టి రెండేళ్ల కిందటి పాఠంలో ఎవరైనా గుట్టుగా ఒక అంకె మారిస్తే ఆ తర్వాతి ముద్రలన్నీ మారిపోతాయి, పాత నకలు ఉన్న ఎవరికైనా అది దొరికిపోతుంది. ఈ సూత్రాన్ని పగలగొట్టలేమని కాదు. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కలిసి రెండు వేర్వేరు పత్రాలకు ఒకే ముద్ర వచ్చేలా చేసి చూపించారు. దానికి భారీ గణన శక్తి పట్టింది, ఆ తరహా దాడిని పసిగట్టే ఏర్పాటు గిట్‌లోకి వచ్చింది. చెరువు హద్దుల మ్యాపు మీద ఎన్నడూ వాదన రాదని అనుకునేవాళ్లు హైదరాబాద్ శివార్లలో ఉండరు. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్ అన్న మాట ఇంటింటికీ చేరింది. ప్రభుత్వం బహిరంగంగా ఉంచిన మ్యాపు ఫలానా కాలంలో ఇలా ఉండేది అని పౌరులు భద్రపరిచి ఉంచుకోవడానికి, మారితే ఏం మారిందో వరస పక్కన వరస పెట్టి చూపడానికి ఇంతకన్నా అందుబాటులో ఉన్న సాధనం లేదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. కమిట్ మీద కనిపించే తేదీ రాసినవాళ్ల కంప్యూటర్ చెప్పిన తేదీ, దాన్ని వెనక్కి జరపవచ్చు. అందుకే నకలు ఒక్కరి దగ్గర కాక పదిమంది దగ్గర ఉన్నప్పుడే ఆ చరిత్ర సాక్ష్యమవుతుంది.

నకళ్ల బలం ఎంతో కోవిడ్ కాలం చూపించింది. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కోవాగ్జిన్ మీద పనిచేస్తున్న రోజుల్లోనే, దేశమంతటి కేసుల లెక్కను జిల్లాల వారీగా చూపించిన సైటు కోవిడ్19ఇండియా డాట్ ఆర్గ్. దాన్ని నడిపింది స్వచ్ఛంద కార్యకర్తలు. ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరులో ఇచ్చే బులెటిన్లను, కొన్ని పీడీఎఫ్‌లు, కొన్ని ట్వీట్లు, వాళ్లు చదివి షీట్లలో ఎక్కించేవాళ్లు. అక్కడి నుంచి అంకెలు మామూలు ఫైళ్లుగా మారి గిట్‌హబ్‌లో బహిరంగ రిపాజిటరీలోకి చేరేవి. పాఠకుడి బ్రౌజర్ ఆ ఫైళ్లను తీసుకుని గ్రాఫులు గీసేది. రోజూ మారే సమాచారం ఇలా ఫైళ్లతోనే నడిచే స్టాటిక్ సైటుకు పనికిరాదన్న అభ్యంతరానికి ఇదే సమాధానం. అంకె మారినప్పుడు ఫైలు మారుతుంది, చూసిన ప్రతిసారీ లెక్క కట్టక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైనది తర్వాత జరిగింది. 2021 అక్టోబరు 31న ఆ బృందం పని ఆపేసింది. కోడూ అంకెలూ అందరికీ అందుబాటులో ఉన్నాయి కనుక వేరే స్వచ్ఛంద కార్యకర్తలు నకలు తీసుకుని కొత్త పేర్లతో కొనసాగించారు, పరిశోధకులు పాత అంకెలను వాడుకుంటూనే ఉన్నారు. డేటాబేస్ ఒక అద్దె సర్వర్‌లో ఉండి, పాస్‌వర్డ్ ఒకరిద్దరి దగ్గర ఉండి ఉంటే, బృందం అలసిన రోజునే ఆ చరిత్ర కూడా ఆగిపోయేది.

విదేశీ కంపెనీ దయ మీద మన ఊరి చరిత్రను పెట్టవచ్చా అన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. 2018లో గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్ల విలువైన షేర్లకు మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆ కొనుగోలును ప్రకటించిన సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టినవారైనంత మాత్రాన అది మన ఉమ్మడి ఆస్తి అయిపోదు. ఉచిత సేవలు మూతపడటం కొత్త కాదు. ఒకప్పుడు లక్షలాది మంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. ముప్పు ప్రభుత్వం వైపు నుంచి కూడా రావచ్చు. 2014 డిసెంబరులో మన దేశంలో 32 సైట్లను నిలిపేసినప్పుడు ఆ జాబితాలో గిట్‌హబ్‌కు చెందిన గిస్ట్ పేజీలూ ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉన్నాయి. గిస్ట్ సహా కొన్నింటిని త్వరలోనే వదిలిపెట్టారు. ఈ భయాలన్నీ నిజమైనవే, వాటిని తేలిగ్గా తీసిపారేయడం తప్పు. అయితే జియోసిటీస్‌లో పేజీ పెట్టుకున్నవాళ్లలో చాలామంది దగ్గర ఆ పేజీకి మరో నకలు లేదు. గిట్‌లో పని మొదలయ్యేదే నకలుతో. క్లోన్ అన్న ఆజ్ఞ ఇస్తే ఫైళ్లు మాత్రమే కాక మొదటి రోజు నుంచి జరిగిన ప్రతి మార్పూ మన డిస్కులోకి వస్తుంది. అదే ఫోల్డర్‌ను గిట్‌ల్యాబ్‌కో, బెర్లిన్ కేంద్రంగా నడిచే లాభాపేక్షలేని కోడ్‌బర్గ్‌కో పంపి అక్కడి సెట్టింగులు సరిచేస్తే అక్కడా సైటు లేస్తుంది. సొంత డొమైన్ పేరు కొనుక్కుంటే పాఠకులకు చిరునామా కూడా మారదు. ఈ ఏర్పాటులో ఏటా నిజంగా ఖర్చు పెట్టదగింది ఆ డొమైన్ మీదే. ఫ్రాన్స్ పరిశోధన సంస్థ ఇన్రియా 2016లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ బహిరంగ రిపాజిటరీలను తనంతట తానే సేకరించి దాస్తోంది. ఉచితం అన్న మాటకు హద్దులు కూడా ఉన్నాయి. గిట్‌హబ్ పేజెస్ మీద ఆన్‌లైన్ దుకాణం నడపకూడదు, వ్యాపార లావాదేవీలకు అది చోటు కాదు. మేడ్చల్ రోడ్డు మీది నర్సరీ మొక్కల వివరాలు చెప్పే పేజీకి సరే, ఆర్డర్లు తీసుకుని డబ్బు వసూలు చేయాలంటే వేరే చోటు చూసుకోవాలి.

జిల్లాకు అధికారిక సైటు ఉండగా వేరే ఎందుకని అడగవచ్చు. అధికారిక సైటు జిల్లా యంత్రాంగానిది. అది ఆ యంత్రాంగంతో పాటే మారుతుంది. మేడ్చల్ ప్రాంతం 1978 వరకు హైదరాబాద్ జిల్లాలో ఉండేది, ఆ ఏడు రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది, 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా అయింది. కలెక్టరేట్ ఇప్పుడు శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది. నలభై ఏళ్లలో మూడు జిల్లాల్లోకి మారిన ఊరి చరిత్రను ఏ ఒక్క జిల్లా సైటూ మొదటినుంచి చివరిదాకా మోయదు, అది దాని బాధ్యత కూడా కాదు. ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఈ నేలలో ఆ తోటలు ఏమయ్యాయో, గొలుసుకట్టు చెరువుల్లో ఏ చెరువు నీళ్లు ఎటు పోయేవో రాయాల్సింది ఇక్కడ ఉన్నవాళ్లే.

రాసేవాళ్లకు గిట్ రాదు కదా అంటే, ఈ ప్రాంతంలో ఆ కొరత తీర్చడం కష్టం కాదు. శామీర్‌పేట మండలం చుట్టుపక్కల 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మేడ్చల్ దారిలో కండ్లకోయ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. అమెరికా తర్వాత గిట్‌హబ్ వాడేవాళ్లు ఎక్కువగా ఉన్న దేశం మనదే. ఉద్యోగం కోసం ఖాతా తెరిచిన విద్యార్థి ఆ ఖాతాతోనే ఊరి పేజీ నిలబెట్టగలడు. నిలబెట్టాక దిద్దుబాట్లకు కమాండ్లు అక్కర్లేదు. బ్రౌజర్‌లో ఫైలు తెరిచి పెన్సిల్ గుర్తు నొక్కి, మార్చి, ఏం మార్చారో ఒక వాక్యం రాసి కమిట్ చేస్తే చాలు. మార్క్‌డౌన్ అనే తేలికైన రాత పద్ధతిలో శీర్షిక ముందు ఒక గుర్తు, జాబితా ముందు ఒక గీత పెట్టడం తెలిస్తే హెచ్‌టీఎంఎల్ కూడా రానక్కర్లేదు. జెకిల్ అనే సాధనం దాన్ని పేజీగా మార్చుతుంది. బడి పంతులుకు ఇది ఒక పూటలో నేర్పే పని.

చివరగా, ఈ పద్ధతి బలమే ఒకచోట ప్రమాదం. గిట్ ఏదీ మరచిపోదు. సంఘం సభ్యుల ఫోన్ నంబర్లో, పిల్లల మార్కులో, ఆధార్ నంబరున్న దరఖాస్తో పొరపాటున ఎక్కితే, మర్నాడు ఫైలు తీసేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. చరిత్రను తిరగరాసే మార్గం ఉంది గానీ, ఆలోపు ఎవరు నకలు తీసుకున్నారో మనకు తెలియదు. కాబట్టి మనుషుల వ్యక్తిగత వివరాలు ఈ దారిలోకి రానే కూడదు. ఎక్కించే ముందు ఇద్దరు చదవడం నియమంగా పెట్టుకోవాలి. ఇలాంటి సైట్లు ఆగిపోయేది చాలాసార్లు సాంకేతిక కారణంతో కాదు, ఖాతా తెరిచిన విద్యార్థి చదువు ముగించుకుని వెళ్లిపోవడంతో. 2023 నుంచి గిట్‌హబ్‌లో రాసేవాళ్లకు రెండంచెల లాగిన్‌ను దశలవారీగా తప్పనిసరి చేశారు. అంటే తాళం ఆ విద్యార్థి ఫోనులోనే ఉండిపోతుంది. దీనికి ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలి. సైటును ఒకరి సొంత ఖాతాలో కాకుండా ఆర్గనైజేషన్ ఖాతాలో పెట్టి, ఊళ్లోనే ఉండే ఇద్దరిని యజమానులుగా చేర్చాలి. డొమైన్‌ను సంఘం పేరు మీద కొనాలి. మూడు నెలలకోసారి తాజా క్లోన్ తీసి బడి కంప్యూటర్‌లో ఒకటి, గ్రంథాలయంలో ఒకటి ఉంచాలి.